ఇన్‌ఫ్లుయెంజా టీకా యేటేట నెందులకు?



తట్టు టీకా రెండు మారులతో ముగియుచుండగా ఇన్‌ఫ్లుయెంజా టీకా యేటేట నెందులకని మనవారు పలువురు ప్రశ్నించుచున్నారు. దీనికి సమాధానము అమెరికాలో జరిగిన యొక వైఫల్యమునందు కలదు. థామస్ ఫ్రాన్సిస్, జోనస్ సాక్ మొదలగువారు సిద్ధపరచిన టీకా 1943లో పరీక్షింపబడి మంచి ఫలమిచ్చి, 1945లో అనుమతి పొందెను. 1947లో వచ్చిన జ్వరమునకు అదే టీకా పనిచేయదయ్యెను. మందు చెడలేదు, వైరసు రూపు మార్చుకొనెను.

ఈ వైరసుపై ముండ్లవంటి మాంసకృత్తులు కలవు. మన రక్తములోని ప్రతిరక్షకములు వానిని ఆనవాలు పట్టి వైరసును అడ్డగించును. ఆ ముండ్ల రూపు మాటిమాటికి మారుచుండును. నిరుటి దొంగ గుర్తులు చెప్పి యీ యేటి దొంగను పట్టుమన్నచో తలారి యేమి చేయగలడు? అందుచేత ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళమునకును, సెప్టెంబరులో దక్షిణార్ధగోళమునకును టీకాలో చేర్చవలసిన రకములను సూచింతురు.

ఆ వైరసులను చాలవరకు కోడిగ్రుడ్లలో పెంచి, రసాయనముచే చంపి, సూదిమందుగా చేయుదురు. చచ్చిన వైరసు జ్వరము తేజాలదు. సూది గ్రుచ్చినచోట నొప్పి, ఒకటి రెండు దినములు ఒడలు వెచ్చబడుట కలుగవచ్చును. రక్షణ యేర్పడుటకు రెండు వారములు పట్టును. ఆలోపల వేరొక జలుబు తగిలినను జనులు టీకానే నిందింతురు!

ఒక సంగతి దాచుట నాకు సమ్మతము కాదు. 1976లో అమెరికాలో పందుల ఇన్‌ఫ్లుయెంజా భయముచే సుమారు 4½ కోట్ల మందికి టీకా వేసిరి. లక్షకొకరి చొప్పున గిలియన్-బారే యను నరముల వ్యాధి అదనముగా కనబడగా ఆ కార్యక్రమమును నిలిపివేసిరి. తరువాతి యేటేటి టీకాలలో ఆ ప్రమాదము ఉన్నను పదిలక్షలకు ఒకటి రెండును మించదని లెక్కలు చూపుచున్నవి. ఇన్‌ఫ్లుయెంజా జ్వరమువలన ఆ వ్యాధి వచ్చు భయమే యంతకంటె అధికము.

ఇది సర్వరక్షయని నేననను. రకములు సరిపోలిన యేట, వైద్యునియొద్దకు పోవలసినంతటి జ్వరము నూటికి 40 మొదలు 60 వంతులు తగ్గును. వెనుక ఈ టీకావలన ఊపిరాడమి వంటి తీవ్రబాధ పొందినవారు వైద్యుని యనుమతిలేక దీనిని వేయించుకొనరాదు. వృద్ధులకు, మధుమేహము, ఉబ్బసము, గుండెజబ్బు కలవారికి ఇది ముఖ్యము. మన దేశమున వర్షర్తువునందు ఈ జ్వరము ప్రబలును గనుక దానికి ముందే వేయించుకొనుట మేలు.

ఆరు మాసములు నిండని శిశువునకు ఈ టీకా లేదు. గర్భిణి వేయించుకొన్నచో తల్లి ప్రతిరక్షకములే బిడ్డకు సంక్రమించును. కడుపుతోనున్న కోడలికి సూది వలదనుచున్న అత్తగారలు ఈ సభలో నున్నచో, వారికే నా మనవి.