ఏసీ మూలుగుతూ ఆగిపోతుంటే
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉక్కునగరం క్వార్టర్లు వదిలి సొంత ఇళ్ళకు చేరిన మనకు ఈ వయసులో ఏసీ విలాసం కాదు, అవసరం. అది ఆగిందంటే చాలు, ‘గ్యాసు పోయిందండీ’ అనే మాట వింటాం. గ్యాసు తగ్గితే చల్లదనం తగ్గుతుంది గాని, అంతమాత్రాన ఎం.సి.బి. పడిపోదు. కంప్రెసరు మూలిగి ఆగిపోతుంటే ముందు కరెంటును అనుమానించాలి.

మన ఊరి ఉప్పుగాలికి తీగల కొసలు చిలుము పడతాయి. ఆ అతుకు వేడెక్కుతుంది, వోల్టేజి అక్కడే పడిపోతుంది. ఒకటిన్నర టన్నుల పాత రకం ఏసీ నడుస్తూ సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాతి చీకటి రోజులు గుర్తున్నాయి కదా! దీపాలు, ఫ్యాన్లు నడిపే చిన్న జనరేటరు ఏసీని లేపలేదు. సన్నని ఎక్స్‌టెన్షన్ తీగతోనూ అదే తంటా.

అరగంట నడిపి, ఎం.సి.బి. దించి, ప్లగ్గు తీసి చూడండి. వేడిగా ఉన్నా, గోధుమరంగుకు మాడినా సాకెట్టు మార్పించండి. ఏసీ మొదలయ్యేటప్పుడే వోల్టేజి కొలవమనండి. ఆగి ఉన్నప్పుడు 230 చూపితే సరిపోదు. వోల్టేజి నిలకడగా ఉండి, ఫ్యాను తిరుగుతూ కంప్రెసరు మాత్రం లేవకపోతే, ముందు కెపాసిటరు చూడమనండి. కంప్రెసరు ఖరీదులో అది ఏ మూలకు!

అయితే మూత మీరు విప్పకండి. ప్లగ్గు తీసినా కెపాసిటరులో కరెంటు నిలిచి ఉంటుంది. ఎలక్ట్రికల్ షాపులో ముప్ఫై ఏళ్ళు చేసినవారికి ఈ మాట చెప్పడం సాహసమే. కాని అక్కడ షట్‌డౌన్ పర్మిట్టు ఉండేది, పక్కన హెల్పరు ఉండేవాడు. ఇక్కడ స్టూలెక్కేది మనం ఒక్కరమే.