మూరెడు పట్టాలపై ఇండ్ల ప్రయాణము

సైన్యము వెంట రైలు నడచుట శ్రోతలకు క్రొత్త సంగతి కాదు. సైనికులు తమ ఇండ్లనే పట్టాలపై ఎక్కించి తరలించుకొనిపోయిన కథ మాత్రము తఱచుగ వినబడునది కాదు. ఇంగ్లండులోని హాంప్‌షైరు మండలమున, లాంగ్‌మూర్ అను సైనిక శిబిరమునందు అది జరిగినది.

1899లో మొదలైన బోయరు యుద్ధము 1902లో ముగిసినది. దక్షిణాఫ్రికానుండి మరలివచ్చు దండులకు వసతి కావలసివచ్చెను. 1903లో రాయల్ ఇంజనీర్లు అను సైనిక శాఖవారు లాంగ్‌మూర్, బోర్డన్ అను రెండు చోట్ల శిబిరములు కట్టబూనిరి. సామాను చేరవేయుటకు వారొక చిన్న పట్టాల దారి వేసికొనిరి. పట్టాల నడిమి వెడల్పు 18 అంగుళములు, అనగా మన లెక్కలో సరిగా ఒక మూర. డార్జిలింగు కొండ ఎక్కు బుల్లిబండికైనను 2 అడుగుల దారి కలదు. దీని ముందు అదియు రాజమార్గమే!

లాంగ్‌మూర్ చిత్తడి నేల. అచ్చట లేచిన రేకుల బారకులు కాపురమునకు తగినవి కావని తేలినది. విప్పి మరల కట్టుటకు బదులు, ఇండ్లను ఇండ్లుగనే బోర్డనుకు తరలింప నిశ్చయించిరి. మూరెడు దారులు రెండింటిని ప్రక్కప్రక్కన వేసి, రెండింటిపైనను ట్రాలీలు నిలిపి, వానిపై అడ్డదూలములు పఱచి, వాని మీద బారకును మోపిరి. లాగుటకు గుఱ్ఱములు, కష్టమైన చోట ఆవిరి యంత్రమునకు కట్టిన మోకు. ఒక ప్రక్క ట్రాలీ కొంచెము ముందు నడచినను, ఒక దారి వ్రేలెడు క్రుంగినను ఇల్లు ఒరుగును. తేరు నడచునపుడు చక్రము క్రింద చెక్క వేయు మనిషి చేతినేర్పును ఎఱిగిన మన ఊళ్లవారికి ఈ చిక్కును వేఱుగ వివరింప నక్కఱలేదు. ఆ విధముగ సుమారు 4 మైళ్లు సాగి, 68 బారకులు బోర్డను చేరినవి. ఈ కథను మేము ఎన్నుకొనుటకు కారణము ఆ 68 ఇండ్లే.

దక్షిణాఫ్రికాలో బోయర్లు వంతెనలు కూల్చుచుండగా, వెనువెంటనే బాగుచేసి బండ్లు నడుపవలసివచ్చినది. అట్టి పనిని యుద్ధము వచ్చిన నాడు నేర్చుకొనుట సాధ్యమా? కావుననే మూరెడు పట్టాలను తొలగించి, 1905–1907 నడుమ 4 అడుగుల 8½ అంగుళముల దారి వేసి, దానిని బోధనకై నెలకొల్పిరి. పట్టాలు వేయుట, పెఱుకుట, మరల వేయుట అచ్చటి పాఠము. 1935లో దానికి లాంగ్‌మూర్ మిలిటరీ రైల్వే అను పేరు కలిగినది.

సన్నదారికి మాత్రము కాలము చెల్లలేదు. మొదటి ప్రపంచ యుద్ధమున ఫ్రాన్సులోని కందకములవఱకు ఆహారమును, గుండ్లను మోసినవి 60 సెంటీమీటర్ల దారులే. వానికై అమెరికాలోని బాల్డ్విన్ కర్మాగారము బ్రిటిషు సైన్యమునకు 495 యంత్రములు చేసియిచ్చినది. వానిలో కొన్ని యుద్ధానంతరము మన దేశమునకు వచ్చి, ఉత్తర ప్రదేశపు చక్కెర మిల్లులలో చెఱకు లాగినవి. గుండ్లకన్న చెఱకు మేలైన సరకు అని మా అభిప్రాయము. 778 సంఖ్యగల యంత్రము అచ్చటినుండియే మరల ఇంగ్లండు చేరినది.

లాంగ్‌మూర్ రైల్వే 1969 అక్టోబరు 31న మూతపడినది. ఇండ్లను మోసిన మూరెడు పట్టాలు అంతకు 60 ఏండ్లకు పూర్వమే లేచిపోయినవి.