కవి కవికి ఏమిస్తున్నాడు?



ఆత్మకూరులో నిలబడి కవిత్వం మాట్లాడేటప్పుడు మనసు ఉదయగిరి దుర్గం మీదికి పోతుంది. పదిహేనో శతాబ్దంలో దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని తెలుగు పద్యాల్లో చెప్పి ఉదయగిరి ఏలిక బసవరాజుకు అంకితమిచ్చాడు. నంది మల్లయ, ఘంట సింగయ జంటగా రచించిన ప్రబోధచంద్రోదయానికి అక్కడి మంత్రి గంగయ కృతిభర్త. 1514 నాటికి కోట గజపతుల నుంచి కృష్ణదేవరాయల చేతికొచ్చింది. ఆయన స్వయంగా కవి, కవులకు ఆశ్రయమిచ్చిన ప్రభువు కూడా.

రాజులిచ్చారు, మంత్రులిచ్చారు. ఆ చరిత్ర చాలాసార్లు చెప్పుకున్నాం. తోటి కవికి కవి ఏమిచ్చాడన్నది మాత్రం అడగం.

దానికి జవాబు మన జిల్లాలోనే ఉంది. పదమూడో శతాబ్దంలో మూలఘటిక కేతన తన దశకుమారచరిత్రను నెల్లూరి తిక్కనకు అంకితమిచ్చాడు. తిక్కన మనుమసిద్ధి కొలువులో మంత్రి కాబట్టి ఇచ్చాడని ఎవరైనా అనవచ్చు. నేనలా అనుకోను. దండి కథను తెలుగులోకి తెస్తున్నవాడికి దాని మంచిచెడ్డలు తెలిసిన శ్రోత కావాలి. ఇంకో మాట. తిక్కన వంశం గురించి, ఇంటివాళ్ల గురించి మనకు తెలిసిన సంగతుల్లో చాలా భాగం కేతన అవతారికలోవే. తోటి కవి కృతిని అందుకున్నందుకు తిక్కనకు దక్కిన ప్రతిఫలం అది.

ఇప్పటి సంగతికి వస్తాను. వింజమూరులోనో మర్రిపాడులోనో ఉన్న కవి పుస్తకం ఎలా వేస్తున్నాడు? పింఛను డబ్బుతో, పిల్లలు పంపిన డబ్బుతో, ఒక్కోసారి ఇంట్లో నగ తాకట్టు పెట్టి. అచ్చయిన కట్టలు మంచం కిందికి చేరతాయి. ఒక్కొక్కటే సంతకం చేసి పంచుతాడు. పుచ్చుకున్న కవి బదులుగా తన పుస్తకం చేతిలో పెడతాడు. ఇద్దరూ చేతిడబ్బు పోగొట్టుకున్నవాళ్లే. పుస్తకం వచ్చిందని తెలిస్తే "నాకు ఇవ్వలేదే" అని నిష్ఠూరమాడతాం గానీ, "వెల ఎంత?" అని అడగం. అడిగితే స్నేహానికి తక్కువేమో అన్నట్టు ఉంటుంది. ఈ మొహమాటం నన్ను నిజంగా బాధపెడుతుంది.

కవులు ఖర్చుపెట్టడం లేదని నేననడం లేదు. ఆవిష్కరణ సభ పెడితే చందాలు వేసుకునేది వాళ్లే. ఆ సొమ్ము హాలు అద్దెకు, ఫ్లెక్సీకి, శాలువాలకు, జ్ఞాపికలకు, భోజనాలకు పోతుంది. ఎవరి పేరున సభ జరిగిందో ఆ పుస్తకానికి మాత్రం ఏమీ మిగలదు.

వేరేగా చేసినవాళ్లూ ఉన్నారు. కుందుర్తి ఆంజనేయులు వచన కవిత కోసం ఫ్రీవర్స్ ఫ్రంట్ స్థాపించి, ఆ దారిలో రాస్తున్న ఇతరులకు అవార్డులిచ్చారు. 1982లో ఆయన పోయాక ఆ బాధ్యతను మరో కవి శీలా వీర్రాజు మోశారు. వీర్రాజు చిత్రకారులు కూడా. ఎందరి పుస్తకాలకో ముఖచిత్రాలు వేశారు. డబ్బు లేనివాడు చేతిపనితో ఆదుకోవడం కూడా పోషణే అని నా నమ్మకం.

ఎవరి స్మృతిలో మనం ఇక్కడ కూర్చున్నామో ఆ తెలుగు పండితులు ఈ చుట్టుపక్కల ఏ కవి పుస్తకం వచ్చినా రెండు ప్రతులు వెల చెల్లించి కొనేవారు. ఒకటి ఇంటికి, ఒకటి బడి గ్రంథాలయానికి. ఉచితంగా ఇస్తే పుచ్చుకునేవారు కాదు. ఆ ఇంట్లో మూడు గదులు నిండిన ఆస్తి అదే.

ఇక మన డబ్బు ఇంకొకటుంది, దాన్ని మరిచిపోయాం. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. 1960 నాటి చట్టం పెట్టిన ఏర్పాటది. ఉదయగిరి, ఆత్మకూరు శాఖా గ్రంథాలయాలకు మన ప్రాంత కవుల పుస్తకాలు కొనమని కవులందరూ కలిసి అడగాలి. తన పుస్తకం కొనమని ఒక్కడే అడగడం కష్టం. పదిమంది కలిసి పదకొండోవాడి పుస్తకం అడిగితే ఆ మాటకు బరువుంటుంది.

వచ్చే ఏడాది నుంచి ఈ ఉపన్యాసానికి శాలువా, జ్ఞాపిక మానేసి, ఆ డబ్బుతో ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో ఆ ఏడాది వచ్చిన కవితా సంపుటాలు కొని బడులకు ఇవ్వాలని నిర్వాహకులను కోరుతున్నాను. ఈరోజు నాకు ఇవ్వదలచిన పారితోషికంతోనే అది మొదలుపెట్టండి.