మ్రానును, బండియు, మన మాటలును
(నందిగామలోని యొక పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



ఒక పాత దస్తావేజులో "ఉత్తరము డొంక" యని హద్దు వ్రాయబడి యున్నదనుకొనుడు. మన మెట్టప్రాంతపు రైతున కీ మాట విప్పి చెప్ప నక్కఱలేదు. చేల నడుమ బండ్లు నడచు త్రోవయే డొంక. పట్టణమున బెరిగిన గుమాస్తా నిఘంటువు దెఱచినచో నందు పొద యను నర్థమును గనబడును. తీగ లాగిన డొంక కదలినదను సామెతలోని డొంక యదియే. ఆ గుమాస్తా దానిని పొదగా గ్రహించెనా, రైతు బండికి దారి పోయినట్లే! 1882వ సంవత్సరపు ఈజుమెంటు చట్టము 15వ సెక్షను ప్రకారము, 20 ఏండ్లు నిరాటంకముగ హక్కుతో ననుభవించిన దారి హక్కుగా స్థిరపడును. కాని బోనులో నిలిచిన ముదుసలి పలికిన మాట న్యాయస్థానమున నర్థమైన గదా యా చట్టము వానిని గాచుట! కావున మాటల పుట్టుపూర్వోత్తరములు పండితుల కాలక్షేపము మాత్రమే కాదు. అవి భూమికిని గూటికిని సంబంధించిన విషయములు.

మొదట మ్రాను సంగతి చూతము. తమిళులు మరము అందురు, కన్నడిగులు మర అందురు. తెనుగున నడిమి యచ్చు జాఱి, రేఫము మకారమున కంటుకొని మ్రాను ఏర్పడెను. వాడుకలో నా రేఫమును జాఱి మాను మిగిలెను. మన యూళ్ల పేళ్లలోను చెట్టుచేమ లున్నవి. జగ్గయ్యపేట చెంత బలుసుపాడు, గరికపాడు గలవు. బ్రతికియున్న బలుసాకు తినవచ్చునను సామెత యెఱుగని తెనుగువాడు లేడు. ఈ పాడు నాశనమునకు బేరు గాదు. ఊరునకు మన పూర్వులు వాడిన మాట. మునేటి యొడ్డున బెనుగంచిప్రోలులోని ప్రోలు గూడ నట్టిదే. జగ్గయ్యపేట పూర్వనామమైన బేతవోలులోని వోలు ఆ ప్రోలునకు మాఱురూపమే. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తండ్రి పేర పేట వెలయించుటతో నా పాతపేరు మఱుగునబడినది.

ఇక బండి. వడ్రంగి నల్లతుమ్మ మాను దెచ్చి చక్రము చేయును. చక్రమునకు గాను, గాలు అని మన పేళ్లు. కన్నడమున గాలి, తమిళమున కాల్ వీని బంధువులు. నడిమి దిమ్మ కుండ. అందుండి చుట్టును బయలుదేరు కొయ్యలు ఆకులు. చెట్టున బుట్టునదియు, చక్రమున నమరునదియు నొక్క పేరనే పిలువబడుట యెంత చక్కని విషయము! ఆకుల కొనలను గలుపు వంపుకొయ్యలు పూటీలు. వానిపై నినుప పట్టాను కాల్చి యెక్కించి నీరు చల్లుదురు. అది ముడుచుకొని చక్రమును బిగించును. రెండు చక్రములను మోయునది ఇరుసు. చక్రము జాఱిపోకుండ నిరుసు చివర దిగగొట్టు మేకు కడసీల. కడ యనగా చివర. ఎడ్ల మెడపై నుండునది కాడి. కాడిని బండితో గలుపు పొడవు కొయ్య నొగ. తమిళమున నుకము అనగా గాడియే. ఇంటి పేరొకటియే, అన్నదమ్ములు వేఱుపడి చెఱియొక పని చేపట్టినారు.

వీనిలో నన్నియు మన పుట్టింటివి గావు. పూటీ హిందూస్థానీ పుట్ఠీ. రహదారి పారసీకము, తొలుత దారిసుంకమునకును, దారిచీటికిని పేరు. నైజాము సరిహద్దు మనకు గూతవేటు దూరమున నుండెను. బండ్లు దాటినప్పుడు మాటలును దాటినవి. అందుకు మనము సిగ్గుపడ నవసరము లేదు. ఇంగ్లీషువారు మన బండిని "బ్యాండీ" యని 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువున కెక్కించుకొనిరి. కేరళపు తేక్కు పోర్చుగీసువారి నోట బడి సీమ కేగి "టీకు" అయినది. ఇచ్చిపుచ్చుకొనుట బ్రతికియున్న భాషకు లక్షణము.

సిగ్గుపడవలసినది వేఱొకటి గలదు. పరుల నిఘంటువులం దెక్కిన మాట మన పిల్లల నోట లేకుండుట. నేడు ట్రాక్టరు వచ్చినది, రబ్బరు చక్రములు వచ్చినవి. ఎద్దు మెడకు భారము తగ్గినందుకు నేను సంతసించుచున్నాను; యంత్రమును దూషింపను. కాని ట్రాక్టరునకును ఇరుసు గలదు గదా! వస్తువు మాఱినంతనే మాటను పెరటిలో బాఱవేయుట వివేకము గాదు.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము, వ్యవసాయపదములతో, వెలువడినది. పండితుడు పుస్తకము విడిచి కర్షకుని వాకిట గూర్చుండుట మనకు బాట చూపినది. ఆ బాటను మన మండల గ్రామములలో మనమే నడువవలెను. 2022లో మనము కృష్ణాజిల్లానుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి వచ్చితిమి. జిల్లాల పేళ్లను ప్రభుత్వము మార్చగలదు. ఇరుసు, కడసీల వంటి పేళ్లను నిలుపుట మాత్రము మన చేతిలోనే యున్నది.

యువకులారా! ప్రతి గ్రామమున బండి కట్టిన వడ్రంగిని, బండి తోలిన రైతును వెదకుడు. వృద్ధుడు పలికినది పలికినట్లు వ్రాయుడు, దిద్దకుడు. ఊరి పేరు, వస్తువు బొమ్మ, కొయ్య పేరు ప్రక్కన జేర్చుడు. ఆ కాగితములను పఠనమందిరమున భద్రపఱుపుడు. ఆ వృద్ధుడు గతించిన పిమ్మట నే న్యాయస్థానమునను వానిని సాక్షిగా బిలువలేము.