ఊరికే కూర్చున్న అవ్వ

ఎండాకాలం వస్తే మన తమిళనాడు ధర్మపురి జిల్లా పల్లెల్లో అరుగుల మీద చింతపండు రాశులు కనిపిస్తాయి. ఒక అవ్వ కాయ పగలగొట్టి, ఈనె లాగి, గింజ తీసి పక్కన పడేస్తూ ఉంటుంది. "ఏం చేస్తా ఉండావవ్వా?" అని అడగండి. "ఏముంది నాయనా, ఊరికే కూర్చోనుండా" అంటుంది. సర్కారు లెక్కల్లోనూ చాలాకాలం ఆమెది ఊరికే కూర్చోవడమే!

2023 జులై 24న ఈ జిల్లా తొప్పూరులోనే ముఖ్యమంత్రి స్టాలిన్ మహిళల 'ఉరిమై తొగై' పథకం దరఖాస్తుల శిబిరం ప్రారంభించారు. అప్పుడు ప్రకటించింది అర్హులైన ఇల్లాలికి నెలకు 1,000 రూపాయలు. పేరు గమనించండి. ఉరిమై అంటే హక్కు, తొగై అంటే సొమ్ము. దానమూ కాదు, దయా కాదు. జీతం లేని ఇంటి చాకిరీకి గుర్తింపు.

ఇక అవ్వలాంటి వాళ్లకిచ్చే వృద్ధాప్య పింఛను అదే ఏడాది నెలకు 1,200 రూపాయలు అయింది. కేంద్ర పథకం కింద ఉన్నవారికి, 80 ఏళ్లలోపైతే, అందులో ఢిల్లీ వాటా 200 మాత్రమే. ఆ వాటా మందులకైనా చాలదు.

పెద్దలను బిడ్డలు చూడకపోతే, పోషణ కోరడానికి 2007 నాటి చట్టం ఉంది. ఆర్డీఓ ఆఫీసులో అర్జీ ఇవ్వాలి, వకీలు అక్కర్లేదు. మీ వీధిలో అలాంటి పెద్దలుంటే, అర్జీ రాసిపెట్టి ఒక్కపూట తోడు వెళ్లండి.