గుప్పెడు సరుకు, గదెడు చోటు

ఉప్పల్ నుండి నాచారము పారిశ్రామిక వాడ మీదుగా పోవు శ్రోతలు గమనించియే యుందురు: లారీ కెక్కు అట్టపెట్టె చిన్నది, దానిని సిద్ధపరచు కార్ఖానా పెద్దది. ముడిసరుకు ఒక మూల, సగము తయారైనది ఒక మూల, కట్టిన పెట్టెలు వేరొక మూల నుండవలెను గదా! ఈ సంగతి మరచి మేమొక రాత్రి జాగరణము చేసితిమి.

నాచారమున ఒక పాఠశాలలో పాత కంప్యూటర్లు పది కలవు. వాని హార్డుడిస్కుల జోలికి పోకయే పెన్‌డ్రైవు నుండి నడచు లైవ్ లినక్సు నొకదానిని, తెలుగు అక్షరములతోను, పిల్లల పాఠ్యసాధనములతోను కూర్చి యిత్తుమని మాట యిచ్చితిమి. ఇది మనవారికి కొత్త విద్య కాదు. 2005లోనే జంటనగరముల విద్యార్థులు ‘స్వేచ్ఛ’ అను తెలుగు ఆపరేటింగ్ సిస్టమును వెలువరించిరి.

తెల్లవారిన పాఠశాలకు పోవలెను. ఇంతలో డెబియన్ వారి లైవ్-బిల్డు పని నడుమనే నిలిచి, డిస్కులో చోటు లేదని తెరపై వ్రాత వచ్చెను. తయారు కావలసిన ఐ.ఎస్.ఓ. ఫైలు 2 గిగాబైట్లు మించదు; మొదలుపెట్టునాటికి ఖాళీ 8 గిగాబైట్లు. ముందు మా అనుమానము డిస్కు మీదికి పోయెను. పాపము, అది నిరపరాధి!

కారణ మిది. దింపుకొన్న ప్యాకేజీలు ఒకచోట నిలువ యుండును. వానిని విప్పి అమర్చిన సిస్టము వేరొకచోట నుండును. దానిని స్క్వాష్ఎఫ్ఎస్ పద్ధతిని అదిమి కట్టిన మూట మరియొకటి. ఆ మూటను మరల ఐ.ఎస్.ఓ. ఫైలుగా చుట్టవలెను. ఒకే సరుకు నాలుగు రూపములతో ఏకకాలమున చోటు నాక్రమించును; అందు విప్పిన సిస్టమే మూటకు రెండు మూడింత లుండును. లైవ్ లినక్సులోనే కూర్చుండి ఈ పని చేయువారికి ఇంకను ఇరుకు: అచట ఖాళీగా కనబడునది డిస్కు కాదు, ర్యాము, అందును సాధారణముగా సగమే.

తొందరలో ఆ పని ఫోల్డరును చేతితో చెరిపివేయబోయి ఆగితిమి. ఆగుటయే మేలైనది. పని నడుమ నిలిచినపుడు మన కంప్యూటరు సొంత ‘డెవ్’ ఫోల్డరు దానిలో తగిలింపబడియే యుండవచ్చును. ‘అన్‌మౌంట్’ చేయక చెరిపినచో దెబ్బ మన యంత్రమునకే తగులును.

ఉప్పల్‌లో మిత్రుని యింటి తలుపు తట్టి మరియొక డిస్కు తెచ్చితిమి. దానిని ఈఎక్స్‌టి4 పద్ధతికి మార్చవలసి వచ్చెను. ఫ్యాట్ పద్ధతిలో లినక్సు ఫైళ్ల అనుమతులు నిలువవు. వేకువ నాలుగింటికి ఫైలు సిద్ధమైనది. పది పెన్‌డ్రైవులకు దానిని ఎక్కించునప్పటికి బడిలో మధ్యాహ్న భోజనపు గంట కొట్టిరి.