తీర్పు వచ్చాక ఏమైంది?



న్యాయశాస్త్ర పట్టాలిచ్చే స్నాతకోత్సవంలో ఉపదేశాలు వినే ఓపిక ఎవరికీ ఉండదు. ఒక ఇంటిస్థలం కేసు చెబుతాను.

ఇజ్రాయెల్ తనను యూదు రాజ్యమనీ, ప్రజాస్వామ్యమనీ చెప్పుకుంటుంది. ఆ దేశ పౌరుల్లో దాదాపు ఐదోవంతు అరబ్బులు. 1948 స్వాతంత్ర్య ప్రకటన మతం, జాతి చూడకుండా అందరికీ సమాన హక్కులని మాటిచ్చింది. ఆ మాట ఉండగానే అరబ్బు పౌరుల్లో అత్యధికులు 1966 దాకా సైనిక పాలన కింద బతికారు. ఊరు దాటాలంటే పర్మిట్ కావాల్సి వచ్చేది.

1995లో కాదాన్ అనే అరబ్బు కుటుంబం కత్సీర్ అనే ఊళ్లో ఇల్లు కట్టుకోవాలని స్థలం అడిగింది. నేల ప్రభుత్వానిదే. కానీ దాన్ని యూదు ఏజెన్సీ అనే సంస్థకు అప్పగించారు. అక్కడి సహకార సంఘమేమో అరబ్బులను చేర్చుకునేది కాదు. ప్రభుత్వం తన నోటితో కాదనలేదు చూడండి, మధ్యలో ఇంకొకరిని నిలబెట్టింది. ఈ కిటుకు మనకేం కొత్త కాదు, హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతికినవాళ్లను అడగండి! 2000లో ప్రధాన న్యాయమూర్తి అహరోన్ బరాక్ ఈ కిటుకును కొట్టేశారు. తాను చేయకూడని వివక్షను ప్రభుత్వం మరొకరి చేత చేయించకూడదన్నారు. యూదు రాజ్యమన్నది వివక్షకు సాకు కాదన్నారు.

తీర్పు దేశదేశాల పాఠ్యపుస్తకాలకెక్కింది. స్థలం మాత్రం ఏళ్ల తరబడి చేతికి రాలేదు. ఆ తర్వాత 2011లో చట్టసభ కొత్త దారి వెతికింది. గెలిలీ, నెగెవ్ ప్రాంతాల చిన్న ఊళ్లలో, 'మా సామాజిక జీవనానికి సరిపడరు' అని దరఖాస్తుదారులను తిప్పి పంపే అధికారం అడ్మిషన్ కమిటీలకు ఇచ్చింది. మతం కారణంగా కాదనకూడదని అదే చట్టంలో ఉంది. కానీ పైకి మతం పేరెత్తేదెవరు? 2014లో సుప్రీంకోర్టు ఆ చట్టం జోలికి వెళ్లలేదు, అదీ 5–4 మెజారిటీతో. ఇజ్రాయెల్‌ను యూదుల జాతిరాజ్యంగా ప్రకటిస్తూ 2018లో 62–55 ఓట్లతో వచ్చిన చట్టం అరబిక్‌కు అధికార భాష హోదా తీసేసింది. అందులో సమానత్వం ఊసే లేదు. 2021లో పదకొండు మంది న్యాయమూర్తుల్లో పదిమంది దాన్ని నిలబెట్టారు. కాదన్న ఒక్కరూ ధర్మాసనంలోని ఏకైక అరబ్బు.

రాజ్యానికి మతం ఉండటమే నేరమని నేననను. ఇంగ్లండ్‌కూ అధికార చర్చి ఉంది. ఆ మతం భూమి పంపకంలోకి దిగితేనే నాకు అభ్యంతరం.

రేపు ఇలాంటి కుటుంబమొకటి మీ ఆఫీసు మెట్లెక్కితే కేసు తీసుకోండి. గెలిచాక ఫైలు కట్టేయకండి, స్థలం వాళ్లకు రిజిస్టర్ అయ్యేదాకా వెంటపడండి.